రాధమ్మ వేలిముద్ర వేయని కాగితం

రాధమ్మ అంటే నాకు పడేది కాదు. ఆమెకూ నేనంటే పడేది కాదు. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, మంచి మాత్రమే చెబితే అది రాధమ్మ కాదు, ఇంకెవరో అవుతారు. సిద్దిపేటలో ఆమె నోటికి జంకని మనిషి లేడు. పెండ్లి వంటకు పిలిస్తే పెండ్లికొడుకు తండ్రిని కూడా పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. పప్పులో రాయి తగిలిందా, ఆ పప్పు అమ్మినవాడి ఏడు తరాలూ దులిపేది. ఆ పప్పు ఎక్కువగా మా దుకాణం నుంచే పోయేది, తూచి ఇచ్చేది నేనే. కాబట్టి ఆ తరాలు కూడా ఎక్కువగా నావే.

నా పేరు దత్తాత్రి. గంజులో విశ్వేశ్వర్ సావుకారి ధాన్యం దుకాణంలో గుమాస్తాను. ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. ఆ చదువు వల్ల నాకు జీతం పెరిగింది లేదు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదవమని పిలిచేవాళ్ళు మాత్రం పెరిగారు.

మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడు రాధమ్మ మొగుడు పోయాడు. అప్పుడామెకు పన్నెండేళ్ళు. బ్రాహ్మణ ఇల్లు కదా, పదో రోజున అత్త బుచ్చమ్మ మంగలిని పిలిపించి ఆ పిల్లకు గుండు చేయించింది. ఒంటిపూట తిండి, చాప మీద పడక, పొద్దున లేస్తే "నా కొడుకును మింగినవు" అన్న పాట. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పాట ఆగలేదు. మామ పోయాడు, ఉన్న కాస్త పొలం పాలివాళ్ళ పాలైంది, బుచ్చమ్మకు రెండు కళ్ళూ పోయాయి. ఇక మిగిలింది ఒక్క అర్ర ఇల్లు, ఒక గుడ్డి అత్త, ఒక గుండు కోడలు. కోడలు ఇళ్ళల్లో వంట చేసి నాలుగు గింజలు తెచ్చి వండి పెడితే అత్త తినాలి. తినేది, తింటూ తిట్టేది. మా ఇల్లు వాళ్ళింటికి ఎదురుగానే కాబట్టి నాకు గడియారం అవసరం ఉండేది కాదు.

"ఏం వండినవే ముండా? గడ్డి లెక్కున్నది."

"గడ్డే. గొడ్డుకు గడ్డి గాక బూరెలు పెడ్తరా?"

తర్వాత కంచం విసిరిన చప్పుడు. ఆ తర్వాత రాధమ్మ మెతుకులు ఏరుతూ తిట్టే తిట్లు. ఇది రెండు పూటలా జరిగేది. ఇద్దరిలో ఎవరు ముందు చస్తారా అని మా వాడకట్టులో చాలామంది ఎదురు చూశారు, అబద్ధమెందుకు, నేనూ చూశాను.

పెద్ద యుద్ధం ఆగిపోయిన మరుసటి ఏడు మాఘమాసంలో మా సావుకారి తల్లి కన్యకమ్మ కాశీకి పోతానని పట్టుబట్టింది. ఆమెకు అరవై ఆరేళ్ళు. కోమటింట్లో పుట్టినా మడిలో మా బ్రాహ్మలను మించిన మనిషి. రాధమ్మ మడి కట్టుకుని వండితే తప్ప పరాయి చోట మెతుకు ముట్టదు. రైళ్ళలో, సత్రాల్లో ఎవరు వండిందో తినడమంటే ఆమెకు వాంతి. అందుకని తల్లి, కొడుకు, వెంట రాధమ్మ, ఈ ముగ్గురూ పోవాలని నిశ్చయమైంది.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అని మన సామెత. సావుకారికి ఆ సామెత రాత్రింబవళ్ళు చెవిలో మోగింది కాబోలు, పట్నం నుంచి బీమా ఏజెంటును పిలిపించాడు. సరుకుకు బీమా ఉన్నట్టు ఇప్పుడు ప్రయాణం పోయే మనిషికీ ఉంటుందని ఎవరో చెప్పారట. కంపెనీ పేరు చెప్పను, అది ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. ఏజెంటు పేరు భూపతిరావు. నల్ల కోటు, తోలు సంచి, నవ్వితే పై పళ్ళు మాత్రమే కనిపించే నోరు.

సావుకారి ఇంటి ముందర్రలో కూచున్నాం. కన్యకమ్మ లోపలి గడప పక్కన పీట వేసుకుంది. రాధమ్మ వంట మధ్యలో లేచి వచ్చి, తన మడికి ఎవరూ తగలకుండా దూరంగా స్తంభం దగ్గర నిలబడింది.

"రెండు తీర్ల కాయితాలున్నయి" అని మొదలుపెట్టాడు భూపతిరావు. "ఎర్ర అంచుది రైలు ప్రమాదానికి. రైలు బోల్తా పడ్డా, పట్టాలు దిగినా పైసలొస్తయి. నీలి అంచుది గట్ల కాదు. తొవ్వల రోగమొస్తె దవాఖాన ఖర్చు ఇస్తరు, పానం పోతె ఇంటోళ్ళకు ఇస్తరు. కాకుంటె యాభై ఏండ్ల లోపటోళ్ళకే."

"నాకూ అమ్మకూ నీలిది రాయి" అన్నాడు సావుకారి. "రాధమ్మకు ఎర్రది సాలు."

ఆ మాట అన్న తీరుకే నాకు ఒళ్ళు మండింది. కానీ జీతగాడి ఒళ్ళు మండితే ఎవరికి? సావుకారి నా వైపు తిరిగి, "దత్తాత్రీ, చదివి వినిపియ్యి, వేలు ముద్ర వేస్తది" అన్నాడు. అని కళ్ళతో ఇంకోటి చెప్పాడు. పైన పెద్ద అక్షరాలు చదువు, చాలు అని. నేను అదే చేశాను. ఎర్ర కాగితం పై సగం తెలుగులో చెప్పి కింద పెట్టేశాను.

"అయిపాయెనా?" అంది రాధమ్మ.

"అయిపోయింది."

"నీ వేలు కాయితం నడుమనే ఆగింది. కింద చీమలు పారినట్టు ఉన్నయి, గవేందిరా?"

ఆమెకు ఓనమాలు రావు. పొయ్యి మీది గిన్నెను దూరం నుంచే చూసి ఉడికిందో లేదో చెప్పే కళ్ళు మాత్రం ఉన్నాయి. "గవి మామూలు మాటలే" అన్నాడు ఏజెంటు. "మామూలైతె చదవనీ" అంది ఆమె. సావుకారి గొంతు సవరించుకున్నాడు. నాకు సావుకారి మీద అక్కసు పాతదే, ఆ పూట దానికి దారి దొరికింది. కాగితం తీసుకుని కింది అక్షరాలన్నీ నింపాదిగా చదివాను. రోగం వల్ల చచ్చినా, నీళ్ళలో మునిగినా, రైలు దిగిన తర్వాత ఏది జరిగినా కంపెనీకి సంబంధం లేదు. రాసిచ్చిన సంగతుల్లో ఒక్కటి అబద్ధమని తేలినా కాగితం చెల్లదు.

రాధమ్మ ఒక్కొక్కదానికి ఒక్కో వేలు మడిచింది. తర్వాత అందుకుంది.

"అంటె నేను రైలు డబ్బల కూసోనే సావాలె. అదీ రైలు బోల్తా పడి సావాలె. ఓ కోటాయనా, కాశీకి పోయినోళ్ళు రైలు బోల్తా పడి సచ్చిన్రని నువ్వు ఎన్నడన్న విన్నవా? వాంతులు, బేదులతోని సచ్చిన్రని నేను పుట్టినప్పటిసంది వింటున్న. వచ్చేదానికి కాయితం లేదు, రానిదానికి కాయితమా?"

"వంటామెకు గిన్ని ప్రశ్నలెందుకు?" అన్నాడు భూపతిరావు. నవ్వు పోయింది, పై పళ్ళు మాత్రం మిగిలాయి.

"సచ్చేది నేను గద, నేనే అడగాలె. దత్తాత్రీ, గా నీలిది చదువు."

నీలి కాగితంలో పేర్లు అప్పటికే రాసి ఉన్నాయి. చదివాను. "కన్యకమ్మ. వయసు నలభై ఎనిమిది."

రాధమ్మ నవ్వడం నేను ఎన్నడూ చూసి ఉండలేదు. ఆ రోజు చూశాను, బాగా లేదు. "విశ్వేశ్వరూ, నీకెన్నేండ్లు నాయినా?"

"నలభై ఆరు" అని సావుకారి నోరు జారాడు.

"అయితె మీ అమ్మ నిన్ను రెండేండ్ల పిల్లప్పుడు కన్నదా?"

గడప పక్కన కన్యకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సావుకారి ముఖం మాడిన మూకుడైంది. భూపతిరావు మాత్రం తొణకలేదు. "రాసుడు వరకేనమ్మా. గిది ఎవరూ అడగరు. మీకు గూడ నలభై ఐదని రాస్త, నీలిదే తీసుకోన్రి" అన్నాడు.

"పైకం తీసుకునేటప్పుడు అడగరు. ఇచ్చేటప్పుడు అడుగుతరు" అంది రాధమ్మ. "గిప్పుడేగద చదివిండు, ఒక్కటి అబద్ధమైనా చెల్లదని. వరదొచ్చిన యాడాది నాకు పన్నెండు. ఇప్పుడు యాభై నిండినయి. అబద్ధం మీద నేను వేలు పెట్ట. ఎర్ర దాని మీదా పెట్ట. మీ కాయితాలు మీరే పెట్టుకోన్రి."

"వద్దంటె మానేయున్రి" అని లేచాడు సావుకారి. "కాయితం లేకుండ రాన్రి, లేకుంటె ఇంకో వంటామెను చూస్కుంట. సిద్దిపేటల మీరొక్కరే వంట చేస్తరా?"

"చూస్కో" అని ఆమె వెనక్కి తిరిగింది.

"రాధమ్మ రాకుంటె నేను రాను" అంది గడప పక్క నుంచి కన్యకమ్మ. ఆ ఒక్క మాటతో సావుకారి మళ్ళీ కూచున్నాడు.

నాకు చిరాకేసింది. ఇంటికి పోయే వేళ దాటుతోంది, ఆకలి. "అసలు మీకు ఎవరున్నరని గింత బీమా? పిల్లలా జెల్లలా?" అన్నాను.

"నా అత్త లేదా?"

నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. "గా ముసలమ్మ సస్తె పీడ పోతదని రోజూ మీరే అంటరు గద!"

"సస్తె పోతది. తిండి లేక సస్తె పోదు, నన్ను సుట్టుకుంటది" అని ఆమె నా మీదికి వచ్చినంత పని చేసింది. మడి గుర్తొచ్చి ఆగింది. "అది నాకు చేసింది నాకెరుక. నేను మర్చిపోలే, మర్చిపోను గూడ. కని దాని కండ్లు పోయినయి, పండ్లు పోయినయి. నేను రాకుంటె దాని నోట్ల ముద్ద ఎవడు పెడ్తడు? గీ కంపెనోడు పైసలు పంపుతడు సరే. గుడ్డిదాని చేతుల పోస్తడు. పైసలను పిసికి ముద్దలు చేసుకొని తినుమంటవా?"

భూపతిరావు తన కాగితాలు సర్దుకున్నాడు. ఈ ప్రశ్నకు అతని సంచిలో ఏ అంచు కాగితమూ లేదు.

అప్పుడు రాధమ్మ తన షరతు చెప్పింది. తాను తిరిగి వచ్చేదాకా బుచ్చమ్మ సావుకారి ఇంటి వెనక అర్రలో ఉండాలి. తాను రాకపోతే, బుచ్చమ్మ బతికినన్నాళ్ళూ అక్కడే ఉండాలి. బుచ్చమ్మ కోమటింటి వంట తినదు కాబట్టి బియ్యం, పప్పు సావుకారివి, వండేది దత్తాత్రి భార్య జ్ఞానేశ్వరి. నన్ను అడగలేదు, నా భార్యను అంతకన్నా అడగలేదు. సావుకారి "సరే సరే, చూద్దాం" అన్నాడు. అతని "చూద్దాం" సంగతి గంజులో అందరికీ తెలుసు.

రాధమ్మ అతని వైపు చూడనే లేదు. స్తంభం దగ్గర నుంచి నడిచి వచ్చి, కన్యకమ్మ ముందు నిలబడి, కుడి చెయ్యి చాపింది. "నువ్వు మాటియ్యి. నా చేతుల చెయ్యేసి ఇయ్యి."

మడిలో ఉండగా తడిబట్ట కొస తగిలిందని కన్నతల్లిలాంటి ముసలివాళ్ళను కూడా బండబూతులు తిట్టిన మనిషి. వంట సగంలో ఉంది. కన్యకమ్మ ఆ చెయ్యి చూసి పీట వెనక్కి జరుపుకుంది. "మడి రాధమ్మా" అంది. "పోనీ" అంది రాధమ్మ. కన్యకమ్మ చేతిలో చెయ్యి వేసింది. అంతే. రాధమ్మ పెరట్లోకి పోయి ఆ చలిలో బావి నీళ్ళు రెండు బొక్కెనలు నెత్తిన పోసుకుని, చీర మార్చి, మళ్ళీ మొదటి నుంచి పొయ్యి అంటించింది. ఆ రోజు అందరికీ భోజనం చాలా ఆలస్యమైంది.

పోయే రోజు పొద్దున బుచ్చమ్మను వెనక అర్రకు చేర్చాం. రాధమ్మ మా జ్ఞానేశ్వరిని పక్కకు పిలిచి ఆజ్ఞలు జారీ చేసింది. అన్నం మెత్తగా వండాలి. కంచం చేతికి ఇవ్వకూడదు, విసిరేస్తుంది, చెక్క పీట మీద పెట్టాలి. పచ్చడి కుడి పక్కనే వెయ్యాలి, ఎడమ పక్కకు చెయ్యి పోదు. మజ్జిగలో శొంఠి కలపాలి, కలిపినట్టు చెప్పకూడదు. ఇన్నేళ్ళూ ఎదురింట్లో ఉండి తిట్లే విన్నాను గానీ ఈ శొంఠి సంగతి నాకు తెలియదు.

తర్వాత అత్త దగ్గరికి పోయి, "పోతున్న" అంది.

"పో. జల్ది రాకు. నాకు జర నిమ్మలముంటది."

"నిమ్మలంగ తిని సావు" అని ఆమె బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరి మధ్య చివరి మాటలు అవే.

కాశీలో ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత కన్యకమ్మ చెప్పింది. చేరిన మూడో రోజు ఆమెకే వాంతులు, బేదులు పట్టుకున్నాయి. సావుకారి వైద్యుడి కోసం, దవాఖాన కోసం తిరిగాడు. తల్లిని ఎత్తింది, కడిగింది, బట్టలు ఉతికింది రాధమ్మ. ఐదు రోజులు మడి ఊసే ఎత్తలేదు. "తిట్టుకుంటనే చేసింది, గింత రోగం తెచ్చుకోనికి నన్ను తీస్కొచ్చినవా అని" అంటూ కన్యకమ్మ ఏడ్చింది. కన్యకమ్మ లేచి కూచున్న రోజు రాధమ్మ పడుకుంది. రెండో రోజుకు అయిపోయింది. ఎవరో పురోహితుణ్ణి పట్టుకుని గంగ ఒడ్డునే కానిచ్చారు. రైలు బోల్తా పడలేదు. పోయేటప్పుడూ పడలేదు, వచ్చేటప్పుడూ పడలేదు.

గంగ చెంబులు మాత్రం మూడు వచ్చాయి. మూడోది ఆమె తన అత్త కోసం కొని మూత అతికించుకున్నదట.

బుచ్చమ్మకు చెప్పే పని నా నెత్తిన పడింది. చెప్పాను. ముసలామె గోడ వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత, "ముండ" అంది. "కాశీల సచ్చి మోక్షం కొట్టేసింది. నన్ను గీడ పడేసి పోయింది." చెంబు చేతికి ఇస్తే విసిరికొడుతుందని వెనక్కి జరిగాను. విసరలేదు. పక్కన పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి పడుకుంది.

తల్లి జబ్బు ఖర్చు కోసం సావుకారి నీలి కాగితం కంపెనీకి పంపించాడు. రాసింది నేనే. మూడు నెలలకు జవాబు వచ్చింది. కాశీ దవాఖాన చీటీలో రోగి వయసు అరవై ఆరు, మీరు రాసిచ్చింది నలభై ఎనిమిది, కాగితం చెల్లదు. చదివి వినిపిస్తుంటే నా గొంతులో సంతోషం దాగలేదు. సావుకారి నన్ను కొట్టినంత పని చేశాడు. భూపతిరావు మళ్ళీ సిద్దిపేటలో కనిపించలేదు.

కంపెనీ మీది కోపం సావుకారి ఎవరి మీద తీర్చుకుంటాడు? మరునాడే నన్ను పిలిచి, "బండి కట్టించు. గా ముసలామెను ఆమె ఇంట్ల దింపు. పండుగకింత బియ్యం పంపుదాం" అన్నాడు.

"మాటిచ్చిన్రు" అన్నాను.

"కాయితమున్నదా? వేలు ముద్రున్నదా? జీతగానివి, జీతగాని లెక్కుండు."

నేను నోరు మూసుకున్నాను. అవును, మూసుకున్నాను, వీరుణ్ణని చెప్పుకోను. బండి కట్టించాను కూడా. బుచ్చమ్మను చెయ్యి పట్టుకుని వెనక అర్రలోంచి తీసుకొస్తుంటే, వాకిట్లో, సరిగ్గా గడప మీద, కన్యకమ్మ కూచుని ఉంది. రోగం పీల్చేసిన ఒళ్ళు, పుల్లలాంటి చేతులు. ఆ చేతుల్లో కుడిది ఒళ్ళో పైకి తెరిచి పెట్టుకుంది.

"అమ్మా, లే. బండి ఆగింది" అన్నాడు సావుకారి.

"ఆమెను దించేటప్పుడు నన్ను గూడ ఆడనే దించురా" అంది కన్యకమ్మ. "గీ చేతుల చెయ్యేసి మాటిచ్చిన. గీ పానం ఆమె పెట్టిన బిచ్చం. ముసలామె గీ గడప దాటుతె నేనూ దాటుత, మళ్ళ రాను. ఊరంత చూస్తది, సావుకారి కన్నతల్లిని ఎళ్ళగొట్టిండని."

సావుకారి తల్లిని చూశాడు, నన్ను చూశాడు, బండివాణ్ణి చూశాడు. గొణుక్కుంటూ దుకాణానికి పోయాడు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ బుచ్చమ్మ పేరు మళ్ళీ ఎత్తలేదు.

అలా ఆమె ఆ వెనక అర్రలో ఇంకో ఆరేళ్ళు బతికింది. నైజాం పోయాడు, ఆయన హాలీ సిక్కా రూపాయి పోయింది, బుచ్చమ్మ పోలేదు. రెండు పూటలా మా ఇంటి నుంచి గిన్నె వెళ్ళేది. మెత్తటి అన్నం, కుడి పక్కన పచ్చడి, చెప్పకుండా కలిపిన శొంఠి మజ్జిగ. తిట్లన్నీ మా జ్ఞానేశ్వరికి, పొద్దు పోకపోతే నాకు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని రోజూ ఒకటే మాట అనేది.

"రాధమ్మ చేసినట్టు లేదు."

మొదట్లో వినీ విననట్టు ఊరుకున్నాను. ఒక రోజు నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. నా భార్య చేతులు కాల్చుకుని వండినందుకా, నేను ఆ రోజు నవ్విన నవ్వు గుర్తొచ్చినందుకా, తెలియదు. ముసలామె ముందు గొంతుక్కూచుని అరిచాను. "గా మాట ఆమె ఉన్నప్పుడు ఎందుకనలే? ముప్పై ఎనిమిదేండ్లల ఒక్కనాడు, ఒక్కనాడన్న ఎందుకనలే?"

బుచ్చమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగింది. చూపు లేని కళ్ళు నా గొంతు వచ్చిన వైపు తిప్పింది. నేను అడిగింది ఆమెకు నిజంగానే అర్థం కానట్టుంది.

"ఎందుకనాలె?" అంది. "రోజూ తిన్న గద."